అమ్రాబాద్ పీఠభూమి: సామాజిక ఆరోగ్య కార్యక్రమాలు

అమ్రాబాద్ పీఠభూమి తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లా దక్షిణ భాగంలో, కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న నల్లమల ఎత్తు ప్రాంతం. ఇక్కడి ఊళ్లకూ తండాలకూ చెంచు గిరిజనుల చిన్న ఆవాసాలైన పెంటలకూ ప్రభుత్వ వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కొన్ని స్వచ్ఛంద సంస్థలు అందించే నివారణ, పోషణ, చికిత్స సేవలను కలిపి సామాజిక ఆరోగ్య కార్యక్రమాలుగా ఈ వ్యాసం పరిగణిస్తుంది. గర్భిణి పేరు నమోదు, పసిబిడ్డకు టీకా, జ్వరం వచ్చినవారికి రక్త పరీక్ష, క్షయ రోగికి ఇంటి దగ్గరే గోలీలు, అంగన్‌వాడీలో గుడ్డు, తాగునీటి నాణ్యత ఇందులోకి వస్తాయి. ఆసుపత్రి మంచం ఈ వరుసలో చివరిది. పొరుగున ఉన్న నల్లగొండ మెట్ట ప్రాంతపు ఫ్లోరైడ్ సమస్య ఈ పీఠభూమి నీటి రాజకీయాలతో ముడిపడి ఉంది కాబట్టి దాన్నీ ఇక్కడే చెప్పడం జరిగింది.

భూమి, జనం

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా అమ్రాబాద్ మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. అప్పుడే దీనినుంచి పదర మండలం విడిపోయింది. పాలనకు, వైద్యానికి, సంతకు కూడా దగ్గరి పట్టణం అచ్చంపేట. హైదరాబాద్–శ్రీశైలం రహదారి మన్ననూరు దగ్గర అడవిలోకి ప్రవేశించి, ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంటల మీదుగా కృష్ణ వైపు దిగుతుంది. రహదారి పక్కనున్న ఊళ్ల పరిస్థితి వేరు, అక్కడినుంచి బండిబాట పట్టి లోపలికి పోవాల్సిన పెంటల పరిస్థితి వేరు. లింగాల మండలంలోని అప్పాపూర్, రాంపూర్, మేడిమల్కల వంటివి ఈ రెండో కోవకు చెందినవి. సిబ్బంది వాడుకలో వీటిని ‘లోపలి పెంటలు’ అంటారు.

జనాభాలో చెంచులు, లంబాడీలు, ఇతర వ్యవసాయ, వృత్తి కులాలవారు ఉన్నారు. లంబాడీ తండాలు పెద్దవి, ఎక్కువగా సాగు భూముల అంచున ఉంటాయి. చెంచు పెంట చిన్నది. కొన్నిటిలో పదీ ఇరవై కుటుంబాలకు మించి ఉండవు. తేనె, తపసి జిగురు, గడ్డలు, ఇప్పపువ్వు సేకరణ కోసం ఏడాదిలో కొంతకాలం కుటుంబాలు పెంట వదిలి మరింత లోపలికి వెళ్లడం ఇప్పటికీ ఉంది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచులు 64,227 మంది, వారిలో నేటి తెలంగాణ పరిధిలో ఉన్నవారు 16,912 మంది. కేంద్ర ప్రభుత్వం 1970ల నడుమ వీరిని ఆదిమ తెగల జాబితాలో చేర్చింది. 2006 నుంచి ఆ వర్గాన్ని ‘ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాలు’ అని పిలుస్తున్నారు. తెలంగాణలో ఈ వర్గంలో చెంచులతో పాటు కొలాంలు, తోటీలు, కొండరెడ్లు ఉన్నారు.

చరిత్ర

ఈ పీఠభూమి మీద చెంచుల జీవితాన్ని శాస్త్రీయంగా మొదట నమోదు చేసినవాడు ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1940లో ఇక్కడ ఉండి పరిశోధన చేశాడు. చెంచుల మీద ఆయన గ్రంథం 1943లో వెలువడింది. ఆయన సూచనలతో నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా ప్రకటించింది. అది ఆరోగ్య పథకం కాదు. తిండి అడవినుంచే వచ్చే జనానికి అడవిమీద హక్కుకూ పోషణకూ తేడా ఉండదు కాబట్టి, ఆరోగ్య చరిత్రను అక్కడినుంచి మొదలుపెట్టడమే సరైనది.

భారత యూనియన్‌లో విలీనమైన తర్వాత 1950 డిసెంబరు 7 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, అమ్రాబాద్, మన్ననూరు, పదర, మాచారం, సార్లపల్లి, అప్పాపూర్ సహా అచ్చంపేట ప్రాంతంలోని అనేక గ్రామాలను, పెంటలను ఐదో షెడ్యూలు ప్రాంతంగా గుర్తించింది. ఆ జాబితాలో పెంట అన్న మాటతో ముగిసే పేర్లు డజనుకు పైగా కనిపిస్తాయి. ఆ పేర్లలో కొన్ని చోట్ల ఇప్పుడు జనం లేరు.

భోర్ కమిటీ 1946లో ప్రతిపాదించిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంతో దేశమంతటా పల్లెలకు చేరడం మొదలైంది. నల్లమల వంటి చోట్లకు అది చేరడానికి ఇంకా కాలం పట్టింది. మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లోనూ, నిర్మూలన కార్యక్రమం 1958లోనూ వచ్చాయి. డీడీటీ చల్లే మనుషులు చాలా అడవి ఊళ్లు చూసిన మొదటి ఆరోగ్య సిబ్బంది. 1970ల నడుమ చెంచుల కోసం శ్రీశైలం కేంద్రంగా ప్రత్యేక ప్రాజెక్టు ఏర్పడి, తర్వాత సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అయింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు చెంచుల బాధ్యత మన్ననూరులోని సంస్థకు వచ్చింది. 1975లో అంగన్‌వాడీల పథకం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం, 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఒకదాని మీద ఒకటిగా వచ్చి చేరాయి. ఆశా కార్యకర్త పుట్టింది ఈ చివరి పథకంతోనే.

అంచెల నిర్మాణం

దేశమంతటా ఉన్నట్టే ఇక్కడి వ్యవస్థా అంచెలుగా ఉంటుంది. అడుగున ఉపకేంద్రం. దీన్ని తెలంగాణలో పల్లె దవాఖానగా, కేంద్ర పథకంలో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంగా మార్చారు. దాని పైన అమ్రాబాద్ వంటి మండల కేంద్రాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆ పైన అచ్చంపేట ప్రభుత్వ ఆసుపత్రి, చివర నాగర్‌కర్నూల్ జనరల్ ఆసుపత్రి. నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నవంబరు 15న, ఆ రోజు రాష్ట్రంలో ఒకేసారి ఆరంభమైన ఎనిమిది కళాశాలల్లో ఒకటిగా మొదలైంది. అంతకుముందు ఉమ్మడి జిల్లా మొత్తానికి ప్రభుత్వ వైద్య కళాశాల మహబూబ్‌నగర్‌లో మాత్రమే ఉండేది. అదీ 2016లో వచ్చిందే.

ఈ అంచెలను తలల లెక్కతో నిర్ణయిస్తారు. మైదానంలో ఐదు వేల మందికి ఒక ఉపకేంద్రం, ముప్పై వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కొండ, గిరిజన ప్రాంతాలకు ఈ సంఖ్యలను మూడు వేలకు, ఇరవై వేలకు తగ్గించారు. తగ్గించినా నల్లమల లోపలి భాగంలో ఈ లెక్క నిలవదు. ఇరవై గుడిసెల పెంటలో ఎనభై మంది ఉంటారనుకుంటే, మూడు వేలమంది కావాలంటే ముప్పై ఐదుకు పైగా పెంటలు కలవాలి. వాటి మధ్య దూరాలు నడిచి తిరిగి రావడం ఉపకేంద్రపు నర్సు అయిన ఒక ఏఎన్ఎంకు వారంలో అయ్యే పని కాదు. అమ్రాబాద్‌లో ఆరోగ్య పథకాల చరిత్ర చాలావరకు ఈ తలల లెక్కకూ దూరాల లెక్కకూ మధ్య పొత్తు కుదర్చడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే.

ఆ ప్రయత్నాల్లో ఒకటి సంచార వైద్యం. 2008 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 104 వాహనాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న ఊళ్లకు నెలకోసారి నిర్ణీత రోజున వెళ్లేవి. బీపీ, షుగర్ గోలీలు, గర్భిణుల పరీక్షలు అక్కడే. రోజు తెలిసి ఉండడం ఆ పద్ధతిలోని బలం. జనం పని మానుకుని ఎదురుచూడగలిగేవారు. వాహనం వెళ్లగలిగేంత దారి ఉండాలన్నది దాని పరిమితి. పల్లె దవాఖానాలు వచ్చాక తెలంగాణలో ఈ వాహనాలను ఉపసంహరించారు.

మరొకటి 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్. దేశంలోని 75 దుర్బల గిరిజన సమూహాల కోసం తొమ్మిది మంత్రిత్వ శాఖల పథకాలను కలిపి, రూ. 24,104 కోట్ల అంచనాతో చేపట్టిన కార్యక్రమం ఇది. సంచార వైద్య బృందాల విషయంలో మామూలు నిబంధనను సడలించి జిల్లాకు పది దాకా అనుమతించారు. రోడ్డు వేయడానికి కావలసిన కనీస జనాభాను వందకు తగ్గించారు. ఒకే కప్పు కింద అంగన్‌వాడీ, ఏఎన్ఎం సేవలు ఉండేలా బహుళ ప్రయోజన కేంద్రాలు కూడా దీనిలో భాగం. తలల లెక్కను బాగా సడలించి, నివాసాన్ని ప్రమాణంగా తీసుకున్న పెద్ద కేంద్ర పథకంగా దీన్ని చెప్పవచ్చు. చూ. చెంచులు, పీఎం జన్‌మన్.

క్షేత్ర సిబ్బంది

ఊరికి తెలిసిన ఆరోగ్య వ్యవస్థ అంటే ముగ్గురు ఆడవాళ్లు: ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు. ఏఎన్ఎం శిక్షణ పొందిన ఉద్యోగిని. సూది వేసేది, గర్భిణులను పరీక్షించేది ఆమె. ఆశా ఊరి కోడలో ఆడబిడ్డో అయి ఉంటుంది. జాతీయ నియమం వెయ్యి మందికి ఒకరు. గిరిజన ప్రాంతంలో ఆవాసానికి ఒకరిని తీసుకునే వెసులుబాటు ఉంది. జీతం బదులు పనికి తగ్గ ప్రోత్సాహకం ఇవ్వడం ఈ ఉద్యోగ స్వరూపం. కాబట్టి ఇళ్లు తక్కువున్న పెంటలో ఆశాకు కాన్పులూ టీకాలూ తక్కువే, రాబడీ తక్కువే. నడక మాత్రం ఎక్కువ. ప్రోత్సాహక పద్ధతి మైదానపు ఊరిని చూసి రూపొందిందని ఇక్కడ సులువుగా తెలుస్తుంది.

చెంచు కుటుంబాల భాష తెలుగే కాబట్టి, ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేల్లో ఉండే భాషా సమస్య ఇక్కడ లేదు. లంబాడీ తండాల్లో మాత్రం పెద్దవయసు స్త్రీలతో గోర్ బోలీ తెలిసినవారు మాట్లాడితేనే విషయం పూర్తిగా తెలుస్తుంది.

తల్లీబిడ్డల సేవలు

గర్భం దాల్చిన మూడు నెలల్లోపు పేరు నమోదు, కనీసం నాలుగు పరీక్షలు, ధనుర్వాతం టీకా, ఐరన్ గోలీలు, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు: ఇది నిర్ణీత క్రమం. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే తీవ్ర రక్తహీనత. ఊళ్లో దీన్ని ‘రక్తం తక్కువ’ అంటారు. పీఠభూమిలో ఏఎన్ఎంలు ఎక్కువ కాలం వెచ్చించేది ఈ ఒక్క అంకె మీదే, ఎందుకంటే కాన్పులో రక్తస్రావమైతే తట్టుకునే శక్తి దానిమీద ఆధారపడుతుంది, రక్తం దొరికే చోటు దూరం.

2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన స్త్రీకి ఆడబిడ్డ పుడితే రూ. 13,000, మగబిడ్డ పుడితే రూ. 12,000 విడతలుగా ఇచ్చింది. దానితో పాటు శిశువుకూ తల్లికీ కావలసిన వస్తువుల పెట్టె. గర్భిణిని తీసుకెళ్లి, కాన్పు తర్వాత ఇంటికి చేర్చే 102 వాహనం ఇంకో వైపు. మొత్తం మీద రాష్ట్రంలో ఇళ్లలో కాన్పులు బాగా తగ్గాయి.

లోపలి పెంటల్లో ఇంటి కాన్పు మిగిలి ఉండడానికి నగదు సాయం తీర్చలేని కారణాలు ఉన్నాయి. నొప్పులు రాత్రి మొదలవుతాయి. ఫోన్ సిగ్నల్ అందే మెట్టదాకా ఎవరో ఒకరు నడవాలి. వాహనం వచ్చే చోటికి మంచంమీదో డోలీలోనో మోయాలి. ఆసుపత్రిలో వెంట ఉండే మనిషికి తిండి, ఇంటి దగ్గర మిగతా పిల్లలను చూసేవారు కావాలి. పెంటలో అనుభవమున్న ముసలమ్మ ఈ చిక్కులేవీ లేకుండా ఉన్నచోటే కాన్పు చేస్తుంది. అందుకే నెలలు నిండకముందే గర్భిణిని రహదారి దగ్గరి ఊరికో ఆసుపత్రికో తరలించడమే సిబ్బంది నమ్ముకున్న మార్గం. 108 అంబులెన్సు కంటే ముందస్తు లెక్కే ఇక్కడ ఎక్కువ ప్రాణాలు కాపాడగలదు.

టీకాల సంగతీ దూరంతో ముడిపడినదే. టీకా మందును 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లదనంలో ఉంచాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లోంచి తీసి, ఐస్ ప్యాకులు పెట్టిన చిన్న డబ్బాలో సర్దుకుని బయలుదేరిన ఏఎన్ఎం మిగిలిన మందును ఆ సాయంత్రానికల్లా తిరిగి చేర్చాలి. కాబట్టి పెంటకు పోయే దారిలో వాగు పొంగితే ఆ నెల టీకా ఆగుతుంది. 2014 డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్, ఇలా తప్పిపోయిన పిల్లలను వెతికి పట్టే ప్రత్యేక విడతల కార్యక్రమం.

వలస మరో అడ్డంకి. పాలమూరు లేబర్ పేరుతో దశాబ్దాలపాటు దేశమంతటా కాలువలూ రోడ్లూ తవ్విన కూలీలు ఈ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లావారే. గుంపు మేస్త్రీ వెంట ఆరు నెలలు పోయిన కుటుంబంలో గర్భిణి ఒకచోట నమోదై, మరోచోట కాన్పయి, బిడ్డ మొదటి టీకా ఇంకోచోట పడుతుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డు వెంట ఉంటేనే లెక్క కలుస్తుంది. సాగునీరు పెరిగాక ఈ వలస తగ్గింది గానీ ఆగలేదు.

పోషణ

అంగన్‌వాడీ ద్వారా మూడు రకాల ఆహారం అందుతుంది. ఏడు నెలలనుంచి మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికి ఇచ్చే బాలామృతం పిండి, మూడు నుంచి ఆరేళ్లవారికి కేంద్రంలోనే భోజనం, గర్భిణులకూ బాలింతలకూ 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. 2022 డిసెంబరులో రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాలను ఎంపిక చేసి, గర్భిణులకు ఖర్జూరం, నెయ్యి, ఐరన్ మందు, పోషకాహార పొడి ఉన్న న్యూట్రిషన్ కిట్ ఇచ్చారు. ఆ తొమ్మిదిలో నాగర్‌కర్నూల్ ఒకటి. అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ చొరవతో రాజ్‌భవన్ చేపట్టిన గిరిజన పోషణ కార్యక్రమంలో అప్పాపూర్ పెంట కూడా ఉంది.

నిండు భోజనం కేంద్రానికి వచ్చి తినాలన్న షరతు రోజుకూలీకి వెళ్లే గర్భిణికి అడ్డం వస్తుంది. ఇక చెంచుల పాత ఆహారంలో గడ్డలు, ఆకుకూరలు, తేనె, వేట మాంసం ఉండేవి. ఇప్పుడు రేషన్ బియ్యం ప్రధానమై, వేట నిషిద్ధమై, పళ్లెంలో మాంసకృత్తులు తగ్గాయి. పప్పు, నూనె కొనడానికి జిగురూ తేనే అమ్మాలి. వాటిని కొనే ప్రధాన సంస్థ 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ. జిగురు ధర పడిపోయిన ఏడాది ప్రభావం అంగన్‌వాడీ త్రాసు మీద కనిపించడంలో ఆశ్చర్యం లేదు. సారా మరో సమస్య. పండుగకూ మొక్కుకూ ఇంట్లో కాచుకునే ఇప్పసారా స్థానంలో బయటినుంచి వచ్చిన గుడుంబా నిత్య వ్యసనమైంది.

జ్వరాలు, క్షయ

చలిజ్వరం ఒకప్పుడు నల్లమలకు పర్యాయపదం. దోమతెరలు, ఇళ్లలో మందు పిచికారీ, ఆశా చేతిలో నిమిషాల్లో ఫలితం చెప్పే పరీక్ష పట్టీ ఈ మూడింటివల్ల కేసులు బాగా తగ్గాయి. వెయ్యి మందికి ఏడాదికి ఒక కేసు కన్నా తక్కువ ఉండడం నిర్మూలన దిశలో మొదటి గీత. అడవిలో పడుకునే తేనె, జిగురు సేకర్తలకు ఇంట్లో కట్టిన దోమతెర పనికిరాదన్నది మిగిలిన చిక్కు.

క్షయ అంత తేలిగ్గా తగ్గలేదు. పొగ నిండిన గుడిసె, తక్కువ తిండి, సారా కలిసి దాన్ని నిలబెడతాయి. ఆరు నెలల మందు ఆపకుండా వాడటం అడవికి పోయే మనిషికి కష్టం. గిరిజన ప్రాంతాలకు కఫ పరీక్షా కేంద్రాల నిబంధనను లక్ష జనాభాకు బదులు యాభై వేలకు సడలించడం, గిరిజన రోగికి ప్రయాణ ఖర్చు ఇవ్వడం ఈ కారణంగానే. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ యోజన కింద నెలకు రూ. 500 రోగి ఖాతాలో పడేది. 2024 నవంబరు నుంచి అది రూ. 1,000. ఖాతా, ఆధార్, దగ్గరలో బ్యాంకు ఉంటేనే ఆ డబ్బు తిండిగా మారుతుంది.

కంటి వైద్యం: ఒక ప్రాంతీయ జాలం

స్వచ్ఛంద రంగంలో ఈ ప్రాంతానికి సంబంధించిన స్పష్టమైన గ్రామీణ జాలం ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థది. గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఈ సంస్థ హైదరాబాద్‌లో 1987లో పని మొదలుపెట్టింది. 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో తొలి గ్రామీణ కేంద్రం తెరిచింది. 1996–2000 మధ్య ఆ సంస్థ జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనానికి ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. మిగతావి హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్. మొత్తం 10,293 మందిని పరీక్షించిన ఆ అధ్యయనం అంధత్వాన్ని 1.84 శాతంగా లెక్కగట్టింది. కారణాల్లో శుక్లం, అద్దాలతో సరిదిద్దగల దృష్టిలోపం ముందున్నాయి. అంటే, చూపు పోయినవారిలో ఎక్కువమందికి కావలసింది మామూలు శస్త్రచికిత్సో కళ్లజోడో.

ఆ ఫలితంనుంచి రూపుదిద్దుకున్నదే పిరమిడ్ నమూనా: యాభై వేల జనాభాకు దృష్టి కేంద్రం, ఐదు లక్షలకు శస్త్రచికిత్స చేయగల ద్వితీయ కేంద్రం, యాభై లక్షలకు తృతీయ స్థాయి ఆసుపత్రి, ఐదు కోట్లకు ఉన్నత కేంద్రం. నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలోని ద్వితీయ కేంద్రం ఈ జాలంలోదే. దృష్టి కేంద్రంలో డాక్టరు ఉండరు. స్థానిక యువతీయువకులకే శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. సిబ్బంది నిలవకపోవడమన్న గ్రామీణ వైద్యపు పాత జబ్బుకు దొరికిన మందుల్లో ఇది పనిచేసిన మందు. ప్రభుత్వం వైపునుంచి 2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరి 18న కంటివెలుగు పేరుతో రాష్ట్రమంతటా కంటి పరీక్షల శిబిరాల విడతలు మొదలయ్యాయి.

అనంతపురం కేంద్రంగా 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా నల్లమల చెంచుల మధ్య పనిచేసిన సంస్థల్లో ఉంది. చూ. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, కంటివెలుగు.

ఫ్లోరైడ్: నల్లగొండ మెట్ట

పీఠభూమికి తూర్పున, డిండి అవతల మొదలయ్యే నల్లగొండ మెట్టలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. గ్రానైటు రాతిలోని ఖనిజాలనుంచి అది నీటిలోకి దిగుతుంది. వాన తక్కువై బావులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ మోతాదు పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అనుమతించదగిన గరిష్ఠ పరిమితి. అది దాటిన నీరు ఏళ్లతరబడి తాగితే మొదట పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లు బిగుస్తాయి, చిన్నతనంలోనే తాగినవారికి కాళ్లు వంకరపోతాయి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాలు దీనికి పేరుపడ్డాయి. చికిత్స లేదు, నీరు మార్చడమే మార్గం.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతి జిల్లా పేరును ప్రపంచ సాంకేతిక గ్రంథాల్లోకి ఎక్కించింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, తేటపడనిచ్చి, పైనీటిని వాడుకోవడం ఆ పద్ధతి. బకెట్‌లోనూ చేయవచ్చు, ట్యాంకులోనూ చేయవచ్చు. నీటి గుణాన్నిబట్టి పటిక మోతాదు మార్చాలి, అడుగున చేరిన మడ్డిని పారబోయాలి, ప్రతిరోజూ ఎవరో ఒకరు చేయాలి. ఈ చివరి షరతు దగ్గరే చాలా చోట్ల మూలపడింది.

ఈ సమస్యపై నిరసనగా 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి శాసనసభ స్థానంలో వెయ్యికి పైగా అభ్యర్థులు పోటీచేశారు. ఆ తర్వాత చట్టాన్ని సవరించి డిపాజిట్టును పెంచారు. నల్లగొండకు కృష్ణా నీరు దశలవారీగా వచ్చింది. చౌటుప్పల్‌లో పైలాన్ వేసి, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నదీజలం ఇళ్లకు చేరింది. 2020లో కేంద్రం, రాష్ట్రంలో ఫ్లోరైడ్ నీరు తాగే ఆవాసాలు లేవని ప్రకటించింది. పాత బాధితుల ఎముకలకు ఆ ప్రకటన వర్తించదు. వారికి పింఛను, ఫిజియోథెరపీ, ఊతకర్రలు ఇంకా అవసరమే.

అమ్రాబాద్‌కు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. నల్లగొండ మెట్టకు శ్రీశైలం జలాలు తరలించే ఎడమగట్టు కాలువ సొరంగం, దాదాపు 44 కిలోమీటర్ల పొడవున, దోమలపెంట దగ్గర మొదలై ఈ అడవి కిందుగా పోతుంది. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. చూ. ఫ్లోరోసిస్, నల్లగొండ పద్ధతి, శ్రీశైలం ఎడమగట్టు కాలువ.

అత్యవసర సేవలు, ఆరోగ్యశ్రీ

2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు రహదారి మీది ఊళ్లకు పెద్ద మార్పు తెచ్చింది. ఈ అడవి పులుల అభయారణ్యం కాబట్టి మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మామూలు వాహనాలను వదలరు. అత్యవసర వాహనాలకు మినహాయింపు ఉంటుంది. అయితే పెంటనుంచి రోగిని తెచ్చే ఆటోనో జీపో అంబులెన్సు కాదు కాబట్టి గేటు దగ్గర వివరణ చెప్పుకోవాలి.

ఆరోగ్యశ్రీ పథకాన్ని 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. తెలంగాణలో దీని పరిమితిని 2023 డిసెంబరు 9న రూ. 10 లక్షలకు పెంచారు. గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్ వంటి పెద్ద చికిత్సలకు ఇది పనికొచ్చింది. జ్వరం, విరేచనాలు, రక్తహీనత దీని పరిధిలోకి రావు. పీఠభూమిలో ఎక్కువ రోగభారం వాటిదే.

అడవి వైద్యం, అడవి ప్రమాదాలు

చెంచుల మూలికా జ్ఞానం, పసరు వైద్యం, దేవర మొక్కు ఇప్పటికీ మొదటి ఆశ్రయాలు. జ్వరానికి రెండు రోజులు ఇంటి మందు చూసి తర్వాత దవాఖానకు రావడం సాధారణం. పాముకాటు దగ్గర ఈ వరుస ప్రమాదకరం. విషానికి విరుగుడు సూదిమందు ఒక్కటే, అది సమయంతో పందెం. కొండచరియకు తాడు కట్టుకుని వేలాడుతూ తేనెపట్టు కోసే పనిలో జారిపడటం, ఎలుగుబంటి దాడి ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన గాయాలు. మైదానాల కోసం రాసిన జాతీయ కార్యక్రమాల్లో వీటికి వేరే పద్దు లేదు. అడవి జంతువుల దాడికి పరిహారం అటవీ శాఖ ఇస్తుంది, వైద్యం ఆరోగ్య శాఖది.

చట్టం, పునరావాసం

అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(2) ప్రకారం, గ్రామసభ సిఫారసుతో ఒక హెక్టారు కన్నా తక్కువ అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, దవాఖాన, అంగన్‌వాడీ, బడి, దారి వంటి పదమూడు రకాల సౌకర్యాలకు మళ్లించవచ్చు. పెంటల్లో కట్టడాలకు ప్రధాన ఆధారం ఇదే. మరోవైపు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం కోర్ ప్రాంతంనుంచి స్వచ్ఛంద పునరావాసం పేరుతో కుటుంబానికి రూ. 15 లక్షల ప్యాకేజీ ఉంది. సార్లపల్లి, కుడిచింతలబైలు వంటివి మొదటి విడత ప్రతిపాదనల్లో ఉన్నాయి. తరలించబోయే ఊళ్లో శాశ్వత దవాఖాన కట్టడానికి ఏ శాఖా ముందుకు రాదు, తరలింపు ఏళ్లతరబడి సాగుతుంది. ఆ మధ్యకాలం ఆరోగ్య సేవలకు గడ్డుకాలం. 2019లో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు తాగునీరూ ఆరోగ్యమే ఆందోళనకు కేంద్రమయ్యాయి. ఆ ఏడాది సెప్టెంబరులో శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది.

లెక్కలు

ఆరోగ్య సమాచార వ్యవస్థలో నివేదికలు ఉపకేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, జిల్లా వారీగా తయారవుతాయి. పెంట వారీగా రావు. జిల్లా జనాభా 2011 లెక్కన 8,61,766. అందులో చెంచు శిశువు మరణం దశాంశ బిందువు తర్వాత కూడా కదలిక తేదు. జిల్లా సగటు మెరుగుపడిన ఏడాదిలోనే ఒక పెంట పరిస్థితి దిగజారవచ్చు, అది ఏ పట్టికలోనూ కనిపించకపోవచ్చు. దేశంలో 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. తర్వాతి దానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అది వెలువడేదాకా తెలంగాణ చెంచుల జనగణన సంఖ్య 16,912.